‘గట్టు తెగిందంట’లో ‘అంట’ ఎప్పుడు రాలిపోతుంది?

జులై నెలాఖరు. రాత్రి పదకొండు దాటింది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చి నాలుగు గంటలైంది. ఊళ్లో కరెంటు లేదు. ఏటిగట్టు మీద కాపలా ఉన్న కుర్రాళ్లలో ఒకడు ఫోన్ చేశాడు: “బాబాయ్, తూము పక్కన నీరు ఊరుతుంది. ఇసుక బస్తాలు కావాలి, ట్రాక్టరు పంపించు.” ఆ బాబాయ్ ట్రాక్టరు తాళాలు తీసుకుని బయటికొస్తూ పక్కింటాయనతో, “తూము దగ్గర గట్టు తెగేలా ఉందంటండి” అన్నాడు. పక్కింటాయన ఎదురింటి గుమ్మంలోకి వెళ్లి, “గట్టు తెగిందంట” అన్నాడు. వీధి చివరి ఇంటి తలుపు బాదినప్పుడు వినిపించిన మాట ఇది: “గట్టు తెగింది, లెగండి!”

ఈ రాత్రి ఏ ఒక్క ఊరిదీ కాదు. గోదావరి పాయలైన గౌతమి, వశిష్ఠ, వైనతేయల గట్ల వెంబడి ఏ ఊరికి అతికించినా అతుకుతుంది.

నాలుగు ఇళ్లు దాటేసరికి ఆ కబురులో రెండు మార్పులొచ్చాయి. ‘ఊరుతుంది’ కాస్తా ‘తెగింది’ అయింది. గోరంత కొండంత కావడం అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని ఎవరైనా పట్టుకుంటారు. రెండో మార్పు చిన్నది. మాట చివర ఉన్న ‘అంట’ జారిపోయింది. దాంతోపాటే ఆ కబురు ఎవరి దగ్గర బయల్దేరింది, ఎవరు కళ్లతో చూశారు, ఎవరు విన్నారు అన్న లెక్క కూడా పోయింది. ఈ వ్యాసం ఆ రెండో మార్పు గురించే. గుండె దడదడలాడే వేళ విన్న విషయం ఏళ్ల తరబడి గుర్తుంటుంది కానీ, చెప్పిందెవరో ఎందుకు గుర్తుండదన్నది ఇక్కడ ప్రశ్న.

తెలుగువాళ్లకి ఈ తేడా కొత్తేమీ కాదు. భాషలోనే అమరి ఉంది. పుస్తకాల్లో ‘అట’, గోదావరి జిల్లాల నోట ‘అంట’, మర్యాద కలిస్తే ‘అంటండి’. “వాళ్లమ్మాయికి సంబంధం కుదిరింది” అంటే చెప్పేవాడు తన పూచీ మీద చెబుతున్నాడు. “కుదిరిందంటండి” అంటే, నేను విన్నాను, నా పూచీ లేదు అని. ఒక్క ముక్కలో ఇంత పని జరుగుతోంది. కాకపోతే తెలుగులో దాన్ని వాడటం, మానేయడం మన ఇష్టం. టర్కీ భాషలో అలా కాదు, విన్న సంగతికీ చూసిన సంగతికీ క్రియారూపమే వేరు. అంతమాత్రాన ఆ భాష మాట్లాడేవాళ్లకి ఎవరు చెప్పారన్నది మరిచిపోయే జబ్బు లేదనుకోవడానికి వీల్లేదు. వ్యాకరణం గుర్తు పెట్టమంటుంది. గుర్తు ఉంచుకోవాల్సింది మెదడు.

ఆ మెదడు ఈ పని ఎలా చేస్తుందన్నదే అసలు ఆశ్చర్యం. ధాన్యం బస్తా మీద మిల్లు పేరు అచ్చేసినట్టు, ప్రతి జ్ఞాపకం మీదా ‘ఇది ఫలానా వాడు చెప్పింది’ అని చీటీ అంటించి ఉండదు. మనస్తత్వ శాస్త్రవేత్త మార్షియా జాన్సన్ తన సహ పరిశోధకులతో కలిసి 1993లో రాసిన పేరుమోసిన వ్యాసం సారాంశం ఇదే. గుర్తొచ్చిన విషయంలో ఎంత రంగు ఉంది, గొంతు వినిపిస్తోందా, చోటు కనిపిస్తోందా, అప్పుడు మనసులో ఏం నడిచింది అని చూసుకుని, వాటిని బట్టి ‘ఇది నేను చూసిందే’, ‘ఇది ఎవరో అన్నది’ అని మెదడు తేల్చుకుంటుంది. అంటే మూలం గుర్తుండటం సగం జ్ఞాపకమైతే సగం ఊహ. ఆనవాళ్లు సరిగ్గా ఉంటే తీర్పు సరిగ్గా వస్తుంది. ఆనవాళ్లు చెదిరిపోతే తీర్పు కూడా అటూ ఇటూ అవుతుంది.

భయం ఆ ఆనవాళ్లని ఏం చేస్తుంది?

మొదట మేలే చేస్తుంది. గట్టు మాట చెవిన పడగానే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగం అందుకుంటుంది. మెదడు లోపల బాదం గింజంత ఉండే అమిగ్డలా అనే భాగం, జ్ఞాపకాలు కట్టే హిప్పోక్యాంపస్‌ని ‘ఇది ముఖ్యం, గట్టిగా పట్టుకో’ అని తొందర పెడుతుంది. దీన్ని లారీ కేహిల్, జేమ్స్ మెక్‌గా బృందం 1994లో చక్కగా రుజువు చేసింది. ఒక తల్లీ కొడుకూ ఆసుపత్రిలో పనిచేసే తండ్రిని చూడటానికి బయల్దేరతారు, దారిలో పిల్లాడికి ఘోరమైన యాక్సిడెంటు అవుతుంది. ఈ కథని బొమ్మల్లో చూపిస్తే, వారం తర్వాత అందరికీ ఆ యాక్సిడెంటు భాగమే బాగా గుర్తుంది. కానీ ముందుగా ప్రొప్రనొలాల్ మాత్ర వేసుకున్నవాళ్లకి ఆ అదనపు గుర్తు రాలేదు. బీపీకి, గుండె దడకి వాడే మాత్రే అది, అడ్రినలిన్ పనికి అడ్డు పడుతుంది. మామూలు కథ చూసినవాళ్ల విషయంలో మాత్రం మాత్ర వల్ల పెద్ద తేడా లేదు. దడ పుట్టించే విషయాలు గట్టిగా నిలబడటం వెనక ఒంట్లో తిరిగే రసాయనం ఉందని దీనితో తేలింది.

ఇక రెండో వైపు. ఆ పట్టు అన్నిటి మీదా సమానంగా పడదు. ఉద్వేగం పెరిగేకొద్దీ మనిషి పట్టించుకునే సూచనల పరిధి కుంచించుకుపోతుందని ఈస్టర్‌బ్రూక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1959లోనే రాశాడు. చీకట్లో టార్చిలైటు వేసినట్టన్నమాట. వెలుగు పడ్డ చోట గడ్డిపరక కూడా కనిపిస్తుంది, పక్కన నిలబడ్డ మనిషి మాత్రం చీకట్లోనే ఉంటాడు. 1987లో ఎలిజబెత్ లాఫ్టస్ బృందం కొందరికి ఒక హోటల్ దృశ్యం చూపించింది. ఒకదాంట్లో వచ్చినతను క్యాషియర్‌కి చెక్కు ఇస్తాడు, ఇంకోదాంట్లో తుపాకీ చూపిస్తాడు. తుపాకీ చూసినవాళ్ల కళ్లు దాని మీదే ఎక్కువసార్లు ఆగాయి. తర్వాత ఆ మనిషిని గుర్తుపట్టమంటే తడబడ్డారు. ఏటిగట్టు రాత్రిలో తుపాకీ ఏది? ‘తెగింది’ అన్న మాట. చెక్కయినా తుపాకీ అయినా పట్టుకున్న చెయ్యి ఒకటే ఉన్నట్టు, ఏ మాటకైనా చెప్పే నోరంటూ ఒకటి ఉంటుంది. భయంలో ఆ నోరు మీదికి వెలుగు పోదు.

ఇంతవరకు కథ సాఫీగానే ఉంది. కానీ ప్రయోగాలన్నీ ఒకే దారిన పోలేదు, నిజానికి ఈ విషయంలో రుచి ఉన్నది ఇక్కడే. 2001లో డోర్క్‌సెన్, షిమమురా చేసిన ప్రయోగంలో ఉద్వేగం కలిగించే మాటల్ని, మామూలు మాటల్ని వేర్వేరు రంగుల్లో చూపించారు. ఏ మాట ఏ రంగులో ఉందని అడిగితే, ఉద్వేగపు మాటల రంగే బాగా గుర్తుంది. ఉద్వేగం మూలాన్ని చెరపలేదు సరికదా, ఇంకా గట్టిపరిచింది. 2006లో మారా మాథర్ బృందం బొమ్మల్ని తెర మీద వేర్వేరు చోట్ల చూపించి, ఏ బొమ్మ ఎక్కడుందని వెంటనే అడిగితే దీనికి తలకిందులుగా వచ్చింది. ఉద్రేకం పుట్టించే బొమ్మల చోటే ఎక్కువగా తప్పిపోయారు.

ఏది నిజం? రెండూ నిజమే. రంగు మాటకి ఒంటి చర్మం లాంటిది, మాటని చూడటమంటే రంగుని చూడటమే. పక్కన ఉన్న వస్తువు, వెనక ఉన్న గోడ, చెప్పిన మనిషి వేరు సంగతులు. వాటిని విషయంతో కలిపి కుట్టాలంటే ఇంకో దారం కావాలి. ఉద్వేగం వస్తువుని దాని సొంత లక్షణాలతో గట్టిగా బిగిస్తుంది, చుట్టుపక్కల వాటితో కుట్టు మాత్రం వదులు చేస్తుంది. మాథర్ తర్వాత ప్రతిపాదించిన వివరణ దాదాపు ఇదే. దాన్ని డెల్టాకి తెచ్చి చూస్తే బాగా అర్థమవుతుంది. అర్ధరాత్రి మొలలోతు నీళ్లలో ఈదుకుంటూ వచ్చి, చలికి పళ్లు కొట్టుకుంటూ, “అత్తా, పిల్లల్ని తీసుకుని డాబా ఎక్కు” అన్న మేనల్లుణ్ని ఏ అత్తా మరిచిపోదు. అక్కడ చెప్పిన మనిషే సంఘటన. అతని తడిసిన చొక్కా, వణికే గొంతు ఆ భయంలో భాగమైపోయాయి. అదే కబురు ఫోన్ గ్రూపులో ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి గొంతుతో వస్తే, అందులో కుట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ఈ ఫోన్ సంగతి ఇంకాస్త చెప్పుకోవాలి. పూర్వం కబురుకీ కబురుకీ వేషం వేరు. దండోరా వేసేవాడి డప్పు ఒకటి, రేడియోలో వాతావరణ హెచ్చరిక చదివే గొంతు ఒకటి, లాకుల దగ్గర నుంచి సైకిలు మీద వచ్చిన మనిషి ఒకడు, రేవులో పడవ దిగినవాళ్లు చెప్పే ముచ్చట ఇంకోటి. నెల తర్వాత తలుచుకున్నా ఏది ఎవరి నోట విన్నామో విడదీసుకోగలిగేంత తేడా ఉండేది. మూలాలు ఒకదాన్నొకటి ఎంత పోలి ఉంటే అంతగా కలిసిపోతాయన్నది జాన్సన్ దారిలో సాగిన పరిశోధనల్లో పదే పదే తేలిన విషయం. ఇప్పుడు కలెక్టరేట్ ప్రకటన, టీవీ ముక్క, బావమరిది పంపిన వీడియో, ఎప్పటిదో ఎక్కడిదో తెలియని వరద దృశ్యం అన్నీ అదే అరచేతి వెడల్పు తెర మీద, అదే ‘టింగ్’ చప్పుడుతో వస్తున్నాయి. ఒకే సంచిలో పోసిన సోనా మసూరీ, రేషన్ బియ్యం లాగ! 2018 జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకి మించి పంపకుండా కట్టడి చేసింది. ఆ తర్వాత, చాలాసార్లు చేతులు మారిన సందేశానికి జంట బాణాల గుర్తు పెట్టింది. ఆ గుర్తు నిజానికి యంత్రం తగిలించిన ‘అంట’. తెర మీద బాగానే కనిపిస్తుంది. వారం తర్వాత జ్ఞాపకంలో ఆ బాణాలు ఉంటాయా అంటే, పై ప్రయోగాలు చూశాక ఆశపడటం కష్టం.

భయం బయటికి చూడనివ్వకపోవడం ఒక ఎత్తు. లోపలికే చూసుకునేలా చేయడం ఇంకో ఎత్తు. 1996లో జాన్సన్ బృందం కొందరికి వేర్వేరు మనుషుల మాటలు వినిపించింది. వింటున్నప్పుడు ‘నాకెలా అనిపిస్తోంది’ అని తమ మనసు మీద దృష్టి పెట్టినవాళ్లు, ఏ మాట ఎవరన్నారో చెప్పడంలో వెనకబడ్డారు. వరద రాత్రి ఎవరి దృష్టి ఎక్కడుంటుందో చెప్పక్కర్లేదు. పాకలో కట్టేసిన గేదె, మంచం కింద పెట్టిన ధాన్యం, రేపోమాపో పురుడు రావాల్సిన కూతురు. మన గుండె చప్పుడు చెవుల్లో మోగుతుంటే ఎదుటివాడి గొంతు ఎవరిదైతేనేం?

నిజానికి ఆ సమయంలో ఇది తప్పు కూడా కాదు. గట్టు తెగిందన్నప్పుడు, “నువ్వు చూశావా, విన్నావా” అని విచారణ పెట్టేవాడికంటే పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తేవాడే తెలివైనవాడు. అబద్ధమైతే ఒక రాత్రి నిద్ర పోతుంది. నిజమైతే మిగిలేవి ప్రాణాలు. 1986 ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన నీటిని చూసిన ప్రాంతం ఇది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఇలాంటి చోట ‘అంట’ని పక్కన పెట్టి ముందు కదలడం పిరికితనం కాదు, అనుభవం. చిక్కు వచ్చేది తెల్లారాక, నీరు తీశాక. మూలం లేకుండా మిగిలిపోయిన ఆ కబురు అప్పుడు జ్ఞాపకంగా స్థిరపడుతుంది.

స్థిరపడటమంటే మామూలుగా కాదు. 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ పేలిపోయింది. మర్నాడు పొద్దున్నే ఉల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ తమ విద్యార్థుల చేత, ఈ వార్త మీకు ఎక్కడ, ఎవరి ద్వారా తెలిసింది అని రాయించి దాచిపెట్టారు. రెండున్నరేళ్లు దాటాక 44 మందిని మళ్లీ అదే అడిగారు. పావు వంతు మంది చెప్పినవన్నీ తప్పే. అందులోనూ తప్పుకి ఒక దారి ఉంది. మొదట్లో ‘టీవీలో చూసి తెలుసుకున్నాను’ అన్నవాళ్లు ఐదో వంతు ఉంటే, తర్వాత అలా అన్నవాళ్లు దాదాపు సగం. ఒకమ్మాయి ఆ రోజు క్లాసులో ఉండగా ఎవరో వచ్చి చెప్పారని రాసింది. తర్వాత మాత్రం గదిలో స్నేహితురాలితో కూర్చుని టీవీలో చూశానని వివరంగా చెప్పింది. చెవిన పడ్డది కంట పడ్డదిగా మారిపోయింది. తమ చేతిరాత తమకే చూపిస్తే, రాసింది తామేనని ఒప్పుకుంటూనే, అలా జరిగినట్టు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

నమ్మకం సంగతి 2001లో మొదలైన ఒక పరిశోధనతో మరింత స్పష్టమైంది. న్యూయార్క్ జంట భవనాల మీద దాడి జరిగిన మర్నాడే టలరికో, రూబిన్ 54 మంది విద్యార్థుల్ని, ఆ వార్త ఎలా తెలిసిందో, దాంతోపాటు ఆ రోజుల్లో జరిగిన ఒక మామూలు విషయాన్ని రాయమన్నారు. వారం, ఆరు వారాలు, ముప్పై రెండు వారాల తర్వాత చూస్తే రెండు జ్ఞాపకాలూ ఒకే తీరున చెదిరాయి. తేడా ఒక్కటే. మామూలు సంగతి మీద నమ్మకం తగ్గింది, దాడి జ్ఞాపకం మీద తగ్గలేదు. అందుకే “నాకు నిన్న జరిగినట్టుంది” అన్న మాటకి సాక్ష్యంగా ఉండాల్సిన బరువు లేదు. అలా అన్నవాడు అబద్ధమాడటం లేదు. అతనికి నిజంగానే నిన్న జరిగినట్టుంది.

దీనికి పరాకాష్ఠ ఆమ్‌స్టర్‌డామ్‌లో కనిపిస్తుంది. 1992 అక్టోబరులో అక్కడ ఒక సరుకు విమానం అపార్ట్‌మెంట్ల మీద కూలింది. కూలిన క్షణాన్ని తీసిన వీడియో ఏదీ లేదు. టీవీలో చూపించింది ఆ తర్వాతి మంటలనే. కొన్ని నెలల తర్వాత, విమానం భవనాన్ని ఢీకొట్టిన దృశ్యాన్ని టీవీలో చూశారా అని క్రాంబాగ్ బృందం అడిగితే సగానికి పైగా చూశామన్నారు. కొందరు ఏ కోణంలో పడిందో కూడా చెప్పారు. విన్నదాన్ని మనసు బొమ్మ కట్టుకుంది, ఆ బొమ్మ తర్వాత చూసినదాని లెక్కలో చేరిపోయింది.

డెల్టాలో ప్రతి ఊరికీ ఒక 1986 ఉంది. అప్పటికి నాలుగేళ్లున్న పిల్లలు ఇప్పుడు నలభై దాటినవాళ్లు. “నేను చూశాను, మా పెంకుటిల్లు చూరు దాకా నీరు” అని వాళ్లు చెబుతున్నప్పుడు అందులో ఎంత కళ్లతో చూసింది, ఎంత నాయనమ్మ వందసార్లు చెప్పగా విన్నది, ఎంత పాత పేపర్ ఫొటో అన్నది విడదీయడం వాళ్ల వల్ల కూడా కాదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు అరుగుల మీద ఈ జ్ఞాపకాలన్నీ మళ్లీ లేచాయి. కొత్త భయం పాత భయాన్ని తిరగదోడుతుంది. తిరగదోడిన ప్రతిసారీ చెప్పేవాడి గొంతు కాస్త మెరుగవుతుంది, మొదట చెప్పినవాడి గొంతు కాస్త మాసిపోతుంది.

మన దేశంలో పుకార్ల మీద జరిగిన తొలినాటి శాస్త్రీయ పరిశీలనల్లో ఒకటి కూడా విపత్తు నుంచే పుట్టింది. 1934 జనవరి 15 నాటి బీహార్ భూకంపం తర్వాత జమునా ప్రసాద్ అనే పరిశోధకుడు జనం నోట తిరిగిన కబుర్లని పోగుచేశాడు. కంపనం తెలిసినా పెద్దగా నష్టం జరగని చోట్ల కూడా, ఇంకా ఘోరం రాబోతోందన్న పుకార్లే ఎక్కువ. భయం ముందు వచ్చి కూర్చుంది, దానికి తగ్గ కబురు తర్వాత వచ్చింది. అలాంటి కబురుకి ఎవరు చెప్పారన్న ప్రశ్నే పుట్టదు. అడిగితే వచ్చే జవాబు మన ఊళ్లలో వచ్చేదే: “ఊరంతా అనుకుంటున్నారు.”

ఇంకో మెలిక కూడా ఉంది. “వాడి మాటా? వాడు అన్నీ కోతలే” అని ఆ రోజు తోసేసిన కబురు కూడా సురక్షితం కాదు. నమ్మదగని చోట చదివిన వాదనని కూడా నాలుగు వారాల తర్వాత జనం మొదటికన్నా ఎక్కువగా ఒప్పుకున్నారని హావ్‌లాండ్, వైస్ 1951లో చూపించారు. మాట నిలిచింది, కోతలరాయుడు జారిపోయాడు.

మరి ‘అంట’ని కాపాడే మార్గం? రంగు ప్రయోగమే ఒక దారి చూపిస్తుంది. మూలం విషయానికి పక్కన కాక విషయంలోనే కలిసి ఉంటే దాంతోపాటే బిగుస్తుంది. ధవళేశ్వరం హెచ్చరికల పద్ధతి తెలిసో తెలియకో ఈ పనే చేస్తోంది. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. “ధవళేశ్వరంలో 13.75 దాటింది” అన్న మాటలో చోటు, కొలత, కొలిచినవాళ్లు అందరూ ఉన్నారు. దాన్ని నలుగురు నాలుగు నోళ్ల మీదుగా పంపినా, ఏ బ్యారేజీ నుంచి బయల్దేరిందో చెరిగిపోదు. “గట్టు తెగింది” అన్నదానికి ఆ రక్ష లేదు. ఏ తూము? ఎన్ని గంటలకి? చూసిందెవరు? గట్టు కాపలా కుర్రాడు ఫోన్లో, “ఫలానా తూము దగ్గర నేను నిలబడి చూస్తున్నాను” అని మొదలుపెడితే ఆ ‘నేను’ కూడా కబురుతో ప్రయాణం చేస్తుంది. పాత దండోరా “ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా” అని సాగదీసేది విసుగు పుట్టించడానికి కాదేమో. రెండో మార్గం, నీరు తీసిన మర్నాడే రాసుకోవడం. నష్టం లెక్కలకి వచ్చేవాళ్లు నెల తర్వాత అడిగే ప్రశ్నలకి, నైసర్ విద్యార్థుల మొదటి కాగితం లాంటిది ఒకటి ఇంట్లో ఉంటే మంచిది.

ఇంతకీ ఆ రాత్రి గట్టు తెగలేదు. రెండు గంటలకి ఇసుక బస్తాలు పడ్డాయి, ఊట ఆగింది. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చిన అల్లుడు ఆ మాటే ఎత్తాడు.

“అప్పుడు మీ గట్టు తెగిపోయింది కదండీ మావయ్యగారూ.”

“తెగలేదు బాబూ. తూము దగ్గర కాస్త ఊరింది, మేమే బస్తాలు వేశాం.”

“లేదండీ, తెగింది. నేను చూశాను.”

అప్పుడే ఫోన్ తీసి, చాలాసేపు వెతికి, వీడియో చూపించాడు. గట్టు తెగి నీరు ఊరి మీద పడుతున్న మాట నిజమే. ఆ ఊళ్లో కొబ్బరి చెట్టు ఒక్కటీ లేదు.